కొనుగోలుదారు వెనుక ఎవరున్నారు? ఆంక్షల జాబితాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. మనతో వ్యాపారం చేసే విదేశీ సంస్థల పేర్లు అంతర్జాతీయ ఆంక్షల జాబితాల్లో, అంటే ఎవరితో లావాదేవీలు నిషిద్ధమో చెప్పే పట్టికల్లో, ఉన్నాయో లేదో ఎవరు చూసుకోవాలి, ఎంతవరకు చూడాలి, చూసినట్టు ఎలా రుజువు చేసుకోవాలి అన్నదే ఆ సందేహం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయించాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: గుంటూరులో మాది ఎండు మిర్చి ఎగుమతి వ్యాపారం. దుబాయిలోని ఒక కొత్త వ్యాపారి రెండు కంటైనర్ల తేజ రకం కావాలని, డబ్బు డాలర్లలో పంపుతానని అంటున్నాడు. ఆ సంస్థ యజమానులెవరు, సరుకు చివరికి ఏ దేశానికి చేరుతుంది అని మా బ్యాంకు వారు అడుగుతున్నారు. అమెరికా ఆంక్షలు మన దేశంలో చట్టం కావు కదా. పైగా మిర్చి తినే వస్తువు. ఇంత ఆరా నిజంగా అవసరమా?

జవాబు: మీరు చెప్పిన రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఒక దేశం తనంతట తాను విధించే ఆంక్షలను భారత ప్రభుత్వం గుర్తించదు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి విధించిన ఆంక్షలు మాత్రం 1947 నాటి ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చట్టం ద్వారా మనకూ వర్తిస్తాయి. ఉగ్రవాద సంబంధమైన జాబితాల్లో ఉన్నవారి ఆస్తులను స్తంభింపజేసే అధికారాన్ని ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టంలోని 51ఎ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. కాబట్టి భద్రతా మండలి జాబితాను చూడడం మీకు ఐచ్ఛికం కాదు.

అమెరికా జాబితా మన చట్టపుస్తకంలో లేకపోయినా మీ ఇన్వాయిస్ మీదున్న డాలరు గుర్తు ద్వారా మీ దగ్గరికి వస్తుంది. దుబాయి నుంచి గుంటూరుకు పంపిన డాలర్లు సాధారణంగా న్యూయార్కులోని ఏదో ఒక బ్యాంకు ఖాతాను దాటుకునే వస్తాయి. ఆ క్షణంలో ఆ చెల్లింపు అమెరికా ఖజానా శాఖలోని విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం, అంటే ఓఫాక్, పరిధిలోకి వెళ్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన సరుకు రవాణా సంస్థ టోల్ హోల్డింగ్స్ 2022లో ఆ కార్యాలయంతో రాజీ కుదుర్చుకుని సుమారు 61 లక్షల డాలర్లు కట్టింది. అది అమెరికా సంస్థ కాదు. ఆంక్షలున్న దేశాలకు, వ్యక్తులకు సంబంధించిన రవాణాల తాలూకు చెల్లింపులు అమెరికా ఆర్థిక వ్యవస్థ గుండా నడవడమే ఆ కేసుకు మూలం. మీ బ్యాంకు అడుగుతున్నది ఈ భయంతోనే. బ్యాంకు మిమ్మల్ని అనుమానిస్తున్నదని నొచ్చుకోవద్దని మనవి.

ఇక తిండి వస్తువు సంగతి. ఇరాన్ వంటి దేశాల విషయంలో కూడా ఆహారానికి, మందులకు అమెరికా చట్టంలోనే మినహాయింపులు ఉన్నాయి. కానీ ఆ మినహాయింపు సరుకుకు సంబంధించినది. కొనేవాడు ఉగ్రవాదం లేదా సామూహిక విధ్వంస ఆయుధాల కారణంగా జాబితాకెక్కినవాడైతే సరుకు మిర్చి అయినా, బియ్యం అయినా మినహాయింపు అక్కరకు రాదు. ఏమి అమ్ముతున్నాం అన్న ప్రశ్నకు మీ దగ్గర మంచి జవాబుంది. ఎవరికి అమ్ముతున్నాం అన్నదానికి జవాబు ఇంకా రాలేదు, బ్యాంకు అడుగుతున్నది దాని గురించే.

దుబాయి విషయంలో ఈ ప్రశ్న మరింత ముఖ్యం కావడానికి కారణం భూగోళమే. జెబెల్ అలీ రేవుకు, హోర్ముజ్ జలసంధి అవతలి ఇరాన్ రేవు బందర్ అబ్బాస్‌కు మధ్య దూరం చాలా తక్కువ. ఈ సందర్భంలో కాలిఫోర్నియాలో కారు స్టీరియోలు అమ్మే ఎప్సిలాన్ ఎలక్ట్రానిక్స్ కేసును ప్రతి ఎగుమతిదారూ తెలుసుకోవాలి. ఆ సంస్థ దుబాయిలోని ఒక పంపిణీదారుకు సరుకు పంపింది. ఆ పంపిణీదారు వ్యాపారమంతా ఇరాన్‌లోనే అని అతని వెబ్‌సైట్ చూసినవారెవరికైనా అర్థమయ్యేది. సరుకు నిజంగా ఇరాన్ చేరిందని ప్రభుత్వం రుజువు చేయనక్కరలేదని, అక్కడికే వెళ్తుందని అమ్మకందారుకు తెలిసి ఉండవలసిన పరిస్థితి ఉంటే చాలునని 2017లో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు తేల్చింది. అయితే చివరి ఐదు రవాణాల విషయంలో మాత్రం, ఆ సరుకు దుబాయిలోనే అమ్ముడవుతుందనుకోవడానికి ఆధారమున్న ఉత్తరప్రత్యుత్తరాలను అధికారులు సరిగా పట్టించుకోలేదంటూ కోర్టు వారి నిర్ణయాన్ని వెనక్కి పంపింది. ఈ రెండో భాగాన్ని చాలామంది గమనించరు. కొనుగోలుదారుతో జరిపిన మామూలు ఉత్తరాలు కూడా ఎంత విలువైనవో అది చెబుతుంది.

కాబట్టి ఒప్పందానికి ముందే మీ వ్యాపారిని ట్రేడ్ లైసెన్సు ప్రతి, భాగస్వాముల పేర్లు, వారి పాస్‌పోర్టు ప్రతులు అడగండి. కొనుగోలుదారుతోపాటు సరుకు అందుకునే కన్‌సైనీని, సరుకు చేరిందన్న కబురు అందుకునే నోటిఫై పార్టీని, డబ్బు పంపే ఖాతాదారును, ఆ బ్యాంకును, రవాణా ఏర్పాట్లు చూసే ఫ్రైట్ ఫార్వర్డర్‌ను, ఓడను కూడా జాబితాల్లో వెతకండి. ఓడ పేరు, జెండా మారిపోవచ్చు కాని దానికిచ్చిన 7 అంకెల ఐఎంఓ సంఖ్య మారదు కనుక ఆ సంఖ్యతో వెతకాలి. డబ్బు సంబంధం లేని మూడో సంస్థ ఖాతా నుంచి వస్తానన్నా, సరుకు బయలుదేరాక దిగవలసిన రేవు మార్చమన్నా, బస్తాల మీద ఏ గుర్తూ వేయవద్దన్నా ఆగి కారణం అడగండి. నిజాయితీగల వ్యాపారి దగ్గర ఆ ప్రశ్నకు మామూలు సమాధానమే ఉంటుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ ఎగుమతి విభాగంలో పని చేస్తున్నాను. మా పశ్చిమాసియా పంపిణీదారు పేరు అమెరికా జాబితాలోని ఒకరి పేరుతో కలిసిందని సాఫ్ట్‌వేర్ చూపిస్తున్నది. పై అధికారులు ఆర్డరు రద్దు చేయమంటున్నారు. పదేళ్లుగా తెలిసిన మనిషి. మరోవైపు, పేరు కలవకపోతే ఇక నిశ్చింతగా ఉండవచ్చునా?

జవాబు: పేరు కలవడమంటే మనిషి దొరికాడని కాదు. కలవకపోవడమంటే లేడని కూడా కాదు. ఈ పనిలో సగం కష్టం ఇక్కడే ఉంది. మన ఇళ్లలోని పేర్లనే తీసుకుంటే సంగతి తెలుస్తుంది. ఒకే మనిషికి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి చివర ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు ఎక్స్ అక్షరంతో రాస్తే మరొకరు కే, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తారు. అరబ్బీ, పారశీక, రష్యన్ పేర్లు ఇంగ్లీషు లిపిలోకి వచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది. మహమ్మద్ అన్న ఒక్క పేరుకే ఎన్ని వర్ణక్రమాలు వాడుకలో ఉన్నాయో మీ పాత ఇన్వాయిస్‌లు తిరగేసినా కనబడుతుంది. మీ పంపిణీదారు పేరు వాళ్ల ప్రాంతంలో మన శ్రీనివాసరావు అంత సాధారణమైనదే కావచ్చు.

అందుచేత ఆర్డరు రద్దు చేసే ముందు జాబితాలోని ఆ వ్యక్తి నమోదును పూర్తిగా తెరిచి చదవండి. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, జాతీయత, పాస్‌పోర్టు సంఖ్య, మారుపేర్లు, ఏ ఆంక్షల కార్యక్రమం కింద పేరు చేర్చారు అన్న వివరాలు అందులో ఉంటాయి. మారుపేర్లలో మరీ సాధారణమైనవాటిని ఓఫాక్ జాబితాలో బలహీనమైనవిగా విడిగా గుర్తిస్తారు. ఆ వివరాలను మీ పంపిణీదారు పాస్‌పోర్టుతో ఒక్కొక్కటిగా పోల్చండి. పుట్టిన సంవత్సరంలో 20 ఏళ్ల తేడా, వేరే జాతీయత, వేరే వృత్తి కనిపిస్తే ఆ తేడాలను తేదీ వేసి రాసి, చూసినవారి సంతకంతో ఫైలులో పెట్టి ముందుకు సాగవచ్చు. వివరాలు కలుస్తుంటే, లేదా తేల్చడానికి చాలకపోతే, సరుకూ డబ్బూ రెండూ ఆపి న్యాయవాదిని సంప్రదించాలి. పేరు ఒక్కటే చూసి పదేళ్ల పంపిణీదారును వదులుకోవడం జాగ్రత్త అనిపించుకోదు. మందుల విషయంలో ఆ తొందరపాటు భారం చివరికి రోగుల మీద పడుతుంది కనుక మీ పై అధికారులకు ఈ మాట గట్టిగా చెప్పండి.

పేరు కలవని సందర్భాల గురించి మీరు అడిగిన రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. 2019లో యాపిల్ సంస్థ 4,66,912 డాలర్లు చెల్లించి ఒక కేసును రాజీ చేసుకుంది. దాని యాప్ స్టోరులో యాప్‌లు పెట్టిన స్లొవేనియా కంపెనీ ఎస్ఐఎస్ పేరు చివర ఆ దేశపు కంపెనీలకుండే డి.ఓ.ఓ. అన్న పొడి అక్షరాలు ఓఫాక్ జాబితాలో చిన్న అక్షరాల్లో చుక్కలతో ఉన్నాయి, యాపిల్ రికార్డులో పెద్ద అక్షరాల్లో చుక్కలు లేకుండా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఆ రెండూ ఒకటేనని పోల్చుకోలేకపోయింది. ఆ కంపెనీ యజమాని కూడా జాబితాలో ఉన్నవాడే. అతని పేరు యాపిల్ దగ్గరే ఖాతా నిర్వాహకుడి గడిలో నమోదై ఉంది, కాని ఆ గడిలోని పేర్లను వెతికే ఏర్పాటు లేదు. మరుసటి ఏడాది అమెజాన్ కూడా ఇలాంటి కేసులోనే 1,34,523 డాలర్లు కట్టింది. ఆంక్షలున్న క్రిమియా ప్రాంతం పేరును సీ అక్షరానికి బదులు కే అక్షరంతో రాసిన చిరునామాలను దాని వ్యవస్థ పట్టుకోలేకపోవడం అక్కడి లోపాల్లో ఒకటి. అంత పెద్ద సంస్థల దగ్గరే చుక్క, అక్షరం అంత పని చేశాయంటే మన దగ్గర ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

ఓఫాక్ ఉచిత వెతుకులాట పేజీలో సరిపోలిక స్థాయిని తగ్గించే మీట ఒకటుంటుంది. 100 దగ్గర ఉంచితే అచ్చుగుద్దినట్టు కలిసే పేర్లే వస్తాయి. దాన్ని కొంచెం దించి, పేరులోని మాటల వరుస మార్చి, వర్ణక్రమం మార్చి మళ్లీ మళ్లీ వెతకండి. పేరుతో ఆగకుండా చిరునామా, ఊరు, రేవు కూడా వెతకండి. అమెరికా వాణిజ్య శాఖ నడిపే ఉమ్మడి వెతుకులాట జాబితాలో ఖజానా, వాణిజ్య, విదేశాంగ శాఖల జాబితాలన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఐక్యరాజ్యసమితి, ఐరోపా సమాఖ్య, బ్రిటన్ జాబితాలు కూడా ఉచితమే.

ప్రశ్న: విశాఖపట్నంలో ఓడల విడిభాగాల సరఫరా మా పని. మేము అమ్మబోయే కంపెనీ పేరు ఏ జాబితాలోనూ లేదు. కాని అందులో జాబితాకెక్కిన ఇద్దరికి చెరో కొంత వాటా ఉందని తెలిసింది. పేరు లేనప్పుడు ఇబ్బంది ఏమిటి?

జవాబు: ఓఫాక్ నియమం ప్రకారం జాబితాలో ఉన్నవారికి నేరుగా గాని, మధ్య సంస్థల ద్వారా గాని 50 శాతం లేదా అంతకుమించి వాటా ఉన్న సంస్థ, తన పేరు ఎక్కడా లేకపోయినా, జాబితాలో ఉన్నట్టే లెక్క. ఇక్కడ వాటాలను కలిపి లెక్కిస్తారు. మీరు చెప్పిన ఇద్దరికీ చెరి 25 శాతం ఉంటే మొత్తం 50 అయింది, ఆ కంపెనీతో వ్యాపారం ఆగవలసిందే. ఒకరికి 25, ఇంకొకరికి 20 అయితే నియమం వర్తించదు కాని, రేపు ఆ 5 శాతం చేతులు మారినా తలుపు మూసుకుంటుంది. బ్రిటన్, ఐరోపా సమాఖ్య నియమాలు వాటాతోపాటు నియంత్రణను కూడా చూస్తాయి. వాటా తక్కువైనా నిర్ణయాలన్నీ ఆ మనిషివే అయితే అక్కడ ఇబ్బంది తప్పదు.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ రష్యా అల్యూమినియం దిగ్గజం రుసాల్‌ది. 2018 ఏప్రిల్‌లో అమెరికా రష్యా వ్యాపారవేత్త ఒలెగ్ దెరిపాస్కాతోపాటు ఆయన ఈఎన్+ గ్రూపును, దాని కింద ఉన్న రుసాల్‌ను జాబితాలో చేర్చినప్పుడు ప్రపంచ అల్యూమినియం మార్కెట్టు ఒక్కసారిగా అతలాకుతలమైంది. ఈఎన్+లో తన వాటాను సుమారు 70 శాతం నుంచి 44.95 శాతానికి తగ్గించుకుని, బోర్డు మీద పట్టు వదులుకోవడానికి ఆయన ఒప్పుకున్నాకనే, 2019 జనవరిలో ఆ కంపెనీలను జాబితా నుంచి తీసేశారు. మీ కొనుగోలుదారు నుంచి వాటాదారుల పట్టిక కంపెనీ ముద్రతో తెప్పించుకోండి. కంపెనీ వెనుక మరో కంపెనీ కనబడితే మనుషుల పేర్లు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. ట్రస్టు పేరో, దగ్గరి బంధువు పేరో ఇటీవలే చేరి ఉంటే వాటా ఎప్పుడు, ఎవరి నుంచి బదిలీ అయిందో కూడా అడగండి.

ప్రశ్న: బాలానగర్‌లో మాది చిన్న యంత్ర భాగాల వ్యాపారం. ఐరోపా నుంచి బాల్ బేరింగులు తెప్పించి అమ్ముతాం. రష్యాకు తిరిగి ఎగుమతి చేయబోమని సంతకం పెట్టమని సరఫరాదారు కొత్త షరతు పెట్టాడు. ఇంతలో కిర్గిజ్‌స్తాన్ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది, రూపాయల్లో చెల్లించే ఏర్పాటు కూడా చేస్తామంటున్నారు. డాలరు లేనప్పుడు భయం లేదంటున్నారు మిత్రులు. నిజమేనా?

జవాబు: ఆ మాట నమ్మి కిర్గిజ్‌స్తాన్ ఆర్డరు ఒప్పుకోకండి. మీ సరఫరాదారు పెట్టిన షరతు అతని సొంత కోరిక కాదు. ఐరోపా సమాఖ్య 2023 డిసెంబరులో తెచ్చిన నియమం ప్రకారం కొన్ని రకాల సరుకు అమ్మేవారు 2024 మార్చి 20 నుంచి తమ ఒప్పందాల్లో ఈ షరతు తప్పనిసరిగా రాయాలి. బేరింగులు ఆ రకాల్లో ఉన్నాయి. ఉక్రెయిన్ యుద్ధరంగంలో దొరికిన రష్యా ఆయుధాల్లో కనబడిన భాగాల ఆధారంగా అమెరికా, ఐరోపా సమాఖ్య, బ్రిటన్, జపాన్ కలిసి తయారు చేసిన 50 హెచ్ఎస్ కోడ్‌ల (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని గుర్తించే సంఖ్యల) పట్టికలో కూడా 8482.10, అంటే బాల్ బేరింగులు, ఉంది. షరతు తప్పితే మీకు ఐరోపా సరఫరా ఆగిపోతుంది, సరఫరాదారు మీ నుంచి నష్టపరిహారం కూడా అడగవచ్చు.

రూపాయల చెల్లింపుకు రిజర్వు బ్యాంకు 2022 జులైలో ఏర్పాటు చేసిన మాట వాస్తవం. మన చట్టం రష్యాతో వ్యాపారాన్ని నిషేధించలేదు. కాని డాలరు వాడకపోయినంత మాత్రాన అమెరికా మిమ్మల్ని జాబితాలో చేర్చే వీలు లేదనుకోవడం పొరపాటు. రష్యా సైనిక పరిశ్రమకు తోడ్పడ్డారన్న ఆరోపణ దానికి చాలు. 2024 అక్టోబరు 30న అమెరికా ఆంక్షలు విధించిన సుమారు 400 మంది వ్యక్తులు, సంస్థల్లో 19 భారతీయ కంపెనీలు ఉన్నాయి. అటువంటి లావాదేవీలు నడిపిన విదేశీ బ్యాంకుల మీద చర్యకు 2023 డిసెంబరు నాటి అమెరికా అధ్యక్ష ఉత్తర్వు వీలు కల్పించింది కనుక మీ బ్యాంకు కూడా వెనకాడుతుంది. జాబితాకెక్కిన చిన్న వ్యాపారికి మామూలు బ్యాంకు పనులే కష్టమవుతాయి. పేరు తీయించుకోవడానికి పట్టే కాలం, ఖర్చు బాలానగర్ స్థాయి యూనిట్ భరించగలిగినవి కావు.

అలాగని, సరుకు అక్కడి నుంచి రష్యాకు వెళ్తుందన్న అనుమానంతో కిర్గిజ్‌స్తాన్ వాళ్లందరినీ దొంగలుగా చూడడం అన్యాయం. ఈ కొనుగోలుదారు సంస్థ 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలయ్యాకే పుట్టిందా? ఇంతకుముందు బేరింగుల వ్యాపారం చేశాడా? అడిగిన పరిమాణం అక్కడి కర్మాగారాల అవసరానికి తగినట్టుగా ఉందా? ఏ యంత్రంలో వాడతారో చెప్పగలడా? వీటికి రాతపూర్వక జవాబులు, తుది వినియోగదారు సంతకంతో ధ్రువపత్రం తీసుకోండి. జవాబులు పొంతన లేకుండా వస్తే ఆర్డరు ఎంత పెద్దదైనా వద్దనడమే నా సలహా. మీ సరుకు మన విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నిర్వహించే స్కోమెట్ జాబితాలోకి (సైనిక అవసరాలకూ పనికొచ్చే సరుకుల పట్టికలోకి) వస్తుందో లేదో కూడా విడిగా చూసుకోండి. వస్తే అనుమతి తప్పనిసరి.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో గ్రీన్ కార్డు మీద ఉంటున్నాను. హైదరాబాద్‌లో మా తమ్ముడు నడిపే ఎగుమతి కంపెనీలో నాకు 60 శాతం వాటా, డైరెక్టరు పదవి ఉన్నాయి. ఇరాన్ నుంచి యంత్రాల ఆర్డరు వచ్చిందని తమ్ముడు అంటున్నాడు. అది భారతీయ కంపెనీ కాబట్టి నాకు సంబంధం లేదనుకోవచ్చా?

జవాబు: లేదండి, పూర్తిగా సంబంధం ఉంది. అమెరికా చట్టం దృష్టిలో పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు ప్రపంచంలో ఎక్కడున్నా అమెరికా వ్యక్తులే. హెచ్-1బి మీద వెళ్లినవారు కూడా ఆ నేల మీద ఉన్నంతకాలం ఆ లెక్కలోకే వస్తారు. మీరు నిషిద్ధ లావాదేవీ చేయకూడదు సరే, దానికి ఆమోదం, పూచీకత్తు, ఆర్థిక సహాయం కూడా ఇవ్వకూడదు. ఇరాన్ విషయంలో నియమం ఇంకో అడుగు ముందుకు వేసింది. అమెరికా వ్యక్తికి 50 శాతం లేదా అంతకుమించి వాటా ఉన్న విదేశీ కంపెనీ కూడా ఆ వ్యాపారం చేయకూడదు, చేస్తే జరిమానా ఆ వాటాదారు మీద పడుతుంది. అంటే తమ్ముడు చేసిన అమ్మకానికి మీరు జవాబుదారు. ఈ ఆర్డరు గురించి తమ్ముడికి సలహా ఇచ్చే ముందే, ఈ రోజే, అమెరికాలోని ఆంక్షల న్యాయవాదితో మాట్లాడండి. ఆర్డరును అమెరికా బయటి వేరే బంధువు కంపెనీకి మళ్లించడం పరిష్కారం కాదు, అటువంటి మళ్లింపే మరో ఉల్లంఘన కింద లెక్క.

ప్రశ్న: ముగ్గురు ఉద్యోగులున్న చిన్న సంస్థ మాది. ఒకసారి వెతికి చూస్తే ఎంతకాలం చెల్లుతుంది? కాగితాలు ఎన్నేళ్లు దాచాలి?

జవాబు: జాబితాలు వారం తిరగకుండానే మారుతుంటాయి. పేర్లు చేరడమే కాదు, తొలగిపోవడమూ ఉంటుంది. దశాబ్దాలుగా ఉన్న సిరియా ఆంక్షల కార్యక్రమాన్ని అమెరికా 2025 జూన్ 30న ముగించింది. కాబట్టి కొత్త పార్టీతో ఒప్పందానికి ముందు ఒకసారి, సరుకు ఓడకెక్కే ముందు ఒకసారి, డబ్బు వచ్చినప్పుడు పంపినవారి పేరుతో ఇంకోసారి చూడండి. పాత పార్టీలందరినీ మూడు నెలలకొకసారి కలిపి చూస్తే మీ స్థాయికి సరిపోతుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు. వెతికిన తెరను తేదీ, సమయం కనబడేలా పీడీఎఫ్‌గా దాచి, ఎవరు వెతికారు, ఏ వర్ణక్రమాలతో వెతికారు, ఏమని తేల్చారు అన్నది రెండు వాక్యాల్లో రాసి ఆ ఆర్డరు ఫైలులోనే ఉంచండి.

ఓఫాక్ కేసులకు కాలపరిమితిని 2024 ఏప్రిల్‌లో ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు. దానికి తగ్గట్టే 2025 మార్చి నుంచి రికార్డులు దాచవలసిన కాలం కూడా పదేళ్లయింది. అక్కడి సివిల్ జరిమానాకు ఉద్దేశంతో పని లేదు, తెలియక జరిగిందన్నది జరిమానాను తగ్గించగలదే తప్ప తప్పించలేదు. అందుకే ముగ్గురిలో ఒకరికి ఈ పని పేరుపెట్టి అప్పగించి, ఆయన వద్దన్న ఆర్డరును అమ్మకాల వారు దాటవేయకుండా యజమానిగా మీరే రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి.